రెండు పండుగలు ఒకే రోజు వస్తే

(మహిళల రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



శాంతి, సామరస్యం అనే మాటలు కనిపించగానే మీలో చాలామంది పేజీ తిప్పేస్తారని నాకు తెలుసు. రేడియోలో అయితే సరిగ్గా ఆ సమయానికే పొయ్యిమీద పాలు గుర్తొస్తాయి. ఏం చేస్తాం, ఆ మాటలు అంతగా అరిగిపోయాయి. దండలు వేయించుకున్న పెద్దమనుషులు ఏటా అవే చెబుతారు, మనం ఏటా అవే వింటాం. అందుకని నేను ఈ పూట పంచాంగం గురించి, కుట్టుమిషను గురించి, ఊరేగింపు ఏ రోజు తియ్యాలన్న లెక్క గురించి మాట్లాడతాను. అవన్నీ మనకు తెలిసిన విషయాలే గదా.

ముందు పంచాంగం. 2023లో అధిక శ్రావణం వచ్చింది, జ్ఞాపకం వుందా? వరలక్ష్మీవ్రతం ఏ శ్రావణంలో చేసుకోవాలో తెలియక పురోహితుల్ని అడిగీ అడిగీ విసిగించాం. ఆ అధికమాసం వల్ల వినాయక చవితి వెనక్కు జరిగి సెప్టెంబరు 18న వచ్చింది. నిమజ్జనం సెప్టెంబరు 28. ముస్లిముల లెక్కలో అధికమాసం అంటూ లేదు. వాళ్ళది అచ్చంగా చంద్రుడి లెక్క, ఏడాదికి 354 రోజులు. అందుకే వాళ్ళ పండుగలు ఏటికేడు పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంటాయి. రంజాన్ ఒకప్పుడు ఎండల్లో, ఒకప్పుడు చలిలో రావడానికి కారణం ఇదే. అలా జరుగుతూ జరుగుతూ ఆ సంవత్సరం మిలాదున్నబీ, అంటే వాళ్ళ ప్రవక్త పుట్టినరోజు, సరిగ్గా ఆ సెప్టెంబరు 28నే వచ్చి కూర్చుంది.

వస్తే ఏమయిందంటారా? మా బిట్రగుంటలో అయితే ఏమీ కాదు. ఇటు పదిమంది పిలకాయలు ట్రాక్టరు మీద వినాయకుణ్ణి చెరువుకు తీసుకెళతారు, అటు పదిమంది పచ్చజెండాలు పట్టుకుని నడుస్తారు. ఎదురుపడితే ఒకళ్ళ పేర్లు ఒకళ్ళకు తెలుసు కాబట్టి నవ్వుకుని పక్కకు తప్పుకుంటారు. హైదరాబాదు సంగతి అట్లా కాదు. అక్కడ నిమజ్జనం నాడు బాలాపూర్ వినాయకుడు బయలుదేరి చార్మినార్ మీదుగా హుస్సేన్‌సాగర్‌కు వెళతాడు. వెనక వేల విగ్రహాలు, లక్షల మనుషులు. మిలాద్ ఊరేగింపు జనం చేరేదీ ఆ పాతబస్తీలోనే, ఆ చార్మినార్ చుట్టుపక్కలే. రెండు లక్షల జనసందోహాలు, ఒకే రోడ్డు, ఒకే రోజు.

ఆ నగరంలో దీనికంటే చాలా చిన్న విషయాలకే రక్తం కారింది. 2010 మార్చి చివర్లో అంతకుముందు కట్టిన మిలాద్ జెండాలు, హనుమజ్జయంతికి కట్టబోయే జెండాలు, వీటి దగ్గర మొదలైన తగాదా రాళ్ళ దాకా, కత్తిపోట్ల దాకా, రోజుల తరబడి కర్ఫ్యూ దాకా పోయింది. గుడ్డముక్కలండీ! మూరకు ఇంతని దుకాణంలో కొనే గుడ్డముక్కలు.

మరి 2023లో ఏం జరిగింది? ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదు గనుకనే మీలో చాలామందికి ఆ సంగతి తెలియదు. మిలాద్ ఊరేగింపు నడిపే పెద్దలు ముందే కూర్చుని మాట్లాడుకుని, ప్రార్థనలు ఆ రోజునే చేసుకుని, ఊరేగింపు మాత్రం అక్టోబరు 1, ఆదివారానికి మార్చుకున్నారు. మరుసటి సంవత్సరం మళ్ళీ అదే చిక్కు. 2024లో మిలాద్ సెప్టెంబరు 16, నిమజ్జనం సెప్టెంబరు 17. మళ్ళీ వాళ్ళే ఊరేగింపును 19కి జరుపుకున్నారు.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పనివ్వండి. రెండుసార్లూ తప్పుకున్నది ఒక పక్షమే. ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళుంటే, వంటింట్లో ఎప్పుడూ ఒకామె పక్కకు జరుగుతుంటే, "అబ్బ, ఆ ఇంట్లో ఎంత సఖ్యత!" అని బయటివాళ్ళు అంటారు. జరిగిన ఆమె మాత్రం లెక్కపెట్టుకునే వుంటుంది. కాబట్టి ఆ రెండు తేదీలను మనవాళ్ళు మరచిపోకూడదు. బాకీ అనుకోకపోయినా సరే, గుర్తుంచుకోవాలి. రేపు మనం జరగవలసిన రోజు వస్తే, "ఎందుకు జరగాలి?" అనే కుర్రవాడికి చెప్పడానికి ఈ రెండు తేదీలు పనికొస్తాయి.

అన్నట్టు, ఆ కుర్రవాడి దగ్గరే వుంది అసలు విషయమంతా. పదిమంది పెద్దలు గదిలో కూర్చుని తేదీ మార్చవచ్చు. ఆ మాటను గల్లీలోకి తీసుకువెళ్ళి, జెండాకర్ర పట్టుకున్న పద్ధెనిమిదేళ్ళవాడి చేత ఒప్పించేదెవరు? వాడు ఎవరి మాట వింటాడు? పోలీసు మాట వినడు, మంత్రి మాట అసలే వినడు. వాళ్ళమ్మకు తెలిసినవాళ్ళు, తనను చిన్నప్పటినుంచి చూసినవాళ్ళు చెబితే, వింటే వింటాడు. అలాంటి మనుషులు తేదీ ముంచుకొచ్చినప్పుడు హఠాత్తుగా పుట్టుకురారు. ఏళ్ళతరబడి తయారై వుండాలి.

"మాకెందుకమ్మా ఇదంతా, మా వూళ్ళో అందరం అన్నదమ్ముల్లా వుంటాం" అని మీరనవచ్చు. నిజమే. నేనూ అలాంటి చోటే పుట్టాను. మా బిట్రగుంట కావలికీ నెల్లూరికీ మధ్య రైలు వూరు. తెల్లదొరల కాలంలో ఆవిరి ఇంజన్ల షెడ్డు, దాని చుట్టూ రైల్వే కాలనీ. నేను పుట్టేనాటికే బొగ్గు ఇంజన్ల జోరు తగ్గింది గాని, మా అమ్మ చెబుతుండేది: ఒక వరసలో ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, ఇంకో వరసలో ముస్లిం ఫిట్టర్లు, అరవవాళ్ళు, మనవాళ్ళు. క్రిస్మసుకు వాళ్ళింటినుంచి కేకు ముక్క, రంజానుకు సేమ్యా, కొండబిట్రగుంట వెంకటేశ్వరస్వామి ఉత్సవాలకు మనింటినుంచి పులిహోర. షెడ్డులో షిఫ్టు సైరను మోగితే అందరి మొగవాళ్ళూ ఒకే దారిన నడవాలి. ఇంక పోట్లాట ఎక్కడిది?

మా నెల్లూరు రొట్టెల పండుగ చూడండి. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి, ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె, పెళ్ళి రొట్టె అంటూ మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్ళు మరుసటేడు వచ్చి రొట్టె ఇవ్వాలి. ఈమధ్య వీసా రొట్టె కూడా వచ్చింది! ఇచ్చేవాళ్ళది ఏ మతమని ఎవరూ అడగరు. నేనూ నిలబడ్డాను ఆ నీళ్ళలో. చాలా గొప్ప పండుగ. అయితే ఒక మాట అడుగుతాను, నా చేతిలో రొట్టె పెట్టిన ఆమె పేరేమిటి? ఏ వూరు? నాకు తెలియదు. నా పేరు ఆమెకు తెలియదు. రేపు ఆమె వీధిలో గొడవ జరిగితే నేను ఎవరికి కబురు చెయ్యాలి?

నేను చెప్పదలచుకున్నది ఇదే. పలకరింపు చిన్న వూరికి సరిపోతుంది. నగరానికి సరిపోదు. ఇది నా సొంత కవిత్వం కాదు. అశుతోష్ వార్ష్ణేయ్ అనే ఆచార్యుడు 2002లో ఒక పెద్ద పుస్తకం అచ్చువేశాడు. 1950 నుంచి 1995 దాకా మన దేశంలో హిందూ ముస్లిం కలహాలు ఎక్కడెక్కడ జరిగాయో లెక్క తీశాడు. చనిపోయినవాళ్ళలో పల్లెల్లో చనిపోయినవాళ్ళు నూటికి 4 కూడా లేరు. ఎనిమిది నగరాల్లోనే నూటికి సుమారు 46 మంది పోయారు. ఆ ఎనిమిదిలో హైదరాబాదు ఒకటి. ఆయన హైదరాబాదును లక్నోతో పోల్చి చూశాడు. రెండూ నవాబుల నగరాలు, రెండుచోట్లా రెండు మతాలవాళ్ళూ ఎక్కువే. మరి లక్నో ఎందుకు తగలబడలేదు? అక్కడ చికన్ పని వుంది. మనం చీరలకొట్లో చూసి ధర విని వదిలేస్తామే, ఆ తెల్లదారం కుట్టు. ఆ పని చేసే చేతులు ఎక్కువగా ముస్లిం ఆడవాళ్ళవి, అమ్మే వ్యాపారులు ఎక్కువగా హిందువులు. గొడవ జరిగితే ఆ సాయంత్రానికి రెండిళ్ళలోనూ పొయ్యి వెలగదు. అందుకని ఇద్దరూ కలిసే గొడవను ఆపుకుంటారు. ఒకరినొకరు ఎరగని లక్షలమంది వుండే చోట మనుషుల్ని కలిపి వుంచేవి సంఘాలు, వ్యాపారాలు, చీటీలు, యూనియన్లు అని ఆయన తేల్చాడు.

మా పెద్ద ఆడబిడ్డ 1990లో హైదరాబాదులో పాతబస్తీ అంచున కాపురం వుండేది. ఆ డిసెంబరులో అక్కడ జరిగిన కలహాల్లో వందమందికి పైగా చనిపోయారు. ఆ రోజుల్లోనే ముఖ్యమంత్రి మారి, అప్పటి మన నెల్లూరు జిల్లా వాకాడు మనిషి నేదురుమల్లి జనార్దనరెడ్డి గారు డిసెంబరు 17న ఆ కుర్చీలో కూర్చున్నారు. కాబట్టి మా ఇళ్ళలో రాత్రీ పగలూ ఆ కబుర్లే. నాకు అప్పటికి పదేళ్ళు నిండీ నిండని వయసు. తరువాత వదినె చెప్పిన మాట ఇప్పటికీ నా చెవిలో వుంది. "ఏం చెప్పమంటావమ్మాయ్! మా గల్లీలో మాకేం భయం లేదు. మా ఇంటామె ముస్లిమే. కర్ఫ్యూ సడలించిన రెండు గంటల్లో వాళ్ళబ్బాయే పోయి మా పాపకు పాలపొడి తెచ్చాడు. నీళ్ళలో ఏదో కలిపారని పుకారు పుడితే, ఆమే ముందు మా ఎదురుగా గ్లాసుడు తాగి చూపించింది. కాని గల్లీ మలుపు తిరిగితే అవతలవాళ్ళెవరో మాకు తెలీదు, మేమెవరమో వాళ్ళకు తెలీదు. పొగ వచ్చింది అటునుంచే."

చూశారా! ఒక గ్లాసు నీళ్ళతో ఆమె ఒక గల్లీని కాపాడింది. గల్లీ మలుపు దాకానే ఆమె బలం. మలుపు అవతల కూడా అలాంటి ఆమె ఒకతె వుండివుంటుంది. వాళ్ళిద్దరికీ పరిచయం లేదు. అదీ లోటు.

ఆ లోటు పూడ్చడానికి ప్రయత్నించినవాళ్ళలో, మీరు ఆశ్చర్యపోతారు, ఒక క్రైస్తవ సంస్థ వుంది. హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ అని, 1930లో లాహోరులో మొదలుపెట్టారు. ఇస్లాం మతాన్ని చదువుకుని అర్థం చేసుకోవడం దాని పని. ఊళ్ళు మారి మారి 1971లో హైదరాబాదు చేరింది. 1990 కలహాల తరువాత ఆ పుస్తకాలవాళ్ళు పాతబస్తీలోకి సాయానికి వెళ్ళారు. బియ్యం, దుప్పట్లు ఇచ్చి వచ్చేస్తే లాభం లేదని తెలుసుకున్నారు. సుల్తాన్‌షాహీలో అమన్ శాంతి అనే పేరుతో ఒక కేంద్రం పెట్టారు. పేరులో కూడా ఉర్దూ మాట ఒకటి, మన మాట ఒకటి. రెంటికీ ఒకటే అర్థం. అక్కడ ఉపన్యాసాలకు బదులు ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పారు, పిల్లలకు చదువు చెప్పారు. హిందువులు, ముస్లిములు ఒకే గదిలో.

కుట్టు క్లాసు ఏం చేస్తుందో నన్నడగండి, చెబుతాను. నేను మెట్రిక్ దాకా చదివినదాన్ని, పెద్ద పెద్ద సిద్ధాంతాలు తెలియవు గాని, మా కాలనీలో చాలా ఏళ్ళుగా కుట్టు నేర్పుతున్నాను. మిషన్లు తక్కువ, నేర్చుకునేవాళ్ళు ఎక్కువ. ఒక మిషనుకు ఇద్దరు. ఒకామె తొక్కుతుంటే ఇంకొకామె గుడ్డ పట్టుకోవాలి. జాకెట్టు చంక ముక్క తిరగబడితే ఇద్దరూ కూర్చుని కుట్టు విప్పుకోవాలి. మొదటి వారం ఎవరి టిఫిను వాళ్ళు అటు తిరిగి తింటారు. రెండో నెలకు పిల్లవాడి ఫీజు గురించి, అత్తగారి మోకాళ్ళనొప్పుల గురించి, మొగుడి తాగుడు గురించి చెప్పుకుంటారు. ఆరో నెలకు ఒకామె రాకపోతే రెండో ఆమె వాళ్ళింటికి వెళ్ళి తలుపు కొడుతుంది. తలుపు కొట్టే ఆ హక్కు వుంది చూశారూ, కర్ఫ్యూ నాడు అదే అక్కరకు వస్తుంది. అది ఆ రోజున సంపాదిస్తే వచ్చేది కాదు.

1990ల నడుమన మజహర్ హుస్సేన్ గారు మొదలైనవారు కోవా అనే సమాఖ్యను కట్టారు. పాతబస్తీలో చిన్న చిన్న సంఘాలు ఎవరికి వారుగా పనిచేస్తుంటే వాటిని ఒక గొడుగు కిందికి తేవడం దాని ఉద్దేశం. నా దృష్టిలో గల్లీ మలుపుకు అటూ ఇటూ వున్న ఇద్దరు ఆడవాళ్ళను పరిచయం చెయ్యడమే అది. ఇవన్నీ చేసినందువల్లే హైదరాబాదు బాగుపడింది అని నేననను. అంత సులువైతే 2010 జరిగేదే కాదు. కాని 2007 సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ ఏడు మే 18న మక్కా మసీదులో, ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ దగ్గర బాంబులు పేలాయి. నమాజుకు వెళ్ళినవాళ్ళు పోయారు, చాట్ తినడానికి వెళ్ళిన పిల్లలు పోయారు. పేల్చినవాళ్ళు కోరుకున్నదేమిటో చెప్పక్కరలేదు. అయినా రెండు మతాలవాళ్ళు వీధుల్లోకి వచ్చి ఒకరినొకరు నరుక్కోలేదు. 1990 నాటి నగరమైతే ఏమయ్యేదో!

మరాఠీ దేశంలో, ముంబై దాపున, భివండీ అని మరమగ్గాల వూరు. 1970లోనూ 1984లోనూ ఘోరంగా కొట్టుకున్నారు. 1988లో అక్కడికి వచ్చిన సురేశ్ ఖోపడే అనే పోలీసు అధికారి మొహల్లాకు ఒక సంఘం చొప్పున పెట్టించి, అందులో రెండు మతాలవాళ్ళనూ సమంగా కూర్చోబెట్టాడు. గొడవ లేని రోజుల్లో కూడా వాళ్ళు కలిసి కూర్చుని, కుళాయి తగాదా, మురుగుకాలవ తగాదా తీర్చుకోవాలి. 1992-93లో ముంబై తొమ్మిదివందలమందిని పోగొట్టుకున్నప్పుడు భివండీ నిమ్మళంగా వుంది. నాకు ఇందులో నచ్చింది మురుగుకాలవ. మతం గురించి మాట్లాడుకోండి అంటే ఎవరూ రారు, వచ్చినా మొహమాటపు మాటలే. మురుగుకాలవ గురించి అంటే అందరూ వస్తారు, నిజాలు మాట్లాడతారు.

ఇంక మన దగ్గర పండుగల ముందు పెట్టే శాంతి సంఘాల సమావేశాలు. ఒకసారి మా వైపు ఒకచోట చూశాను, ఏ వూరో చెప్పను లెండి. ఇరవై కుర్చీలు. అటు పదిమంది, ఇటు పదిమంది. అందరూ మొగవాళ్ళే, అందరూ అరవై దాటినవాళ్ళే. ఆ గదిలో వున్న ఆడమనిషి టీ గ్లాసులు తెచ్చిన అమ్మాయి ఒక్కతే. "మేమంతా సోదరులం" అన్నారు, ఫొటో దిగారు, బిస్కెట్లు తిని వెళ్ళారు. ఆ ఇరవైమందిలో ఒక్కరికైనా తమ వీధిలో కుర్రవాళ్ళ ఫోన్లలో ఆ రాత్రి ఏ బొమ్మలు తిరుగుతున్నాయో తెలుసా? వాళ్ళ తల్లులకు తెలుసు. కొడుకు అన్నం తినకుండా ఫోను పట్టుకుని బయటికి పోతుంటే, ఏదో వుందని మొదట పసిగట్టేది తల్లే. ఆ తల్లికి ఫలానా ఆమెతో చెబితే పని జరుగుతుందన్న నమ్మకం వుండాలి. ఆ ఫలానా ఆమె పేరు అవతలి వీధిలో కూడా తెలిసి వుండాలి. శాంతి సంఘంలో కుర్చీ వేయవలసింది ఆమెకు. మీ వూళ్ళో పిలవకపోతే, పిలవమని అడగండి. నలుగురు కలిసి వెళ్ళి అడగండి, ఒక్కరే వెళితే టీ పెట్టమంటారు!

మా కుట్టు క్లాసులో మేము పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. ఫోనులో ఎవరికి ఏ భయంకరమైన వార్త వచ్చినా ఇంకొకళ్ళకు పంపేముందు, అవతలి మతం ఆమెకు ఒకామెకు ఫోను చేసి, "వదినా, ఇది నిజమేనా?" అని అడగాలి. పదింట తొమ్మిది అక్కడే ఆగిపోతున్నాయి. పదోది నిజమైతే, ఇద్దరం కలిసి వెళ్ళి పెద్దవాళ్ళకు చెబుతాం.

మళ్ళీ పంచాంగానికి వస్తాను. మిలాద్ ఇప్పుడు నిమజ్జనాన్ని దాటి ముందుకు వచ్చేసింది గనుక ఆ చిక్కు కొన్నాళ్ళపాటు లేదు. కాని లెక్క వేసి చూడండి, 2032లో రంజాన్ పండుగ జనవరి 14, 15 తేదీల ప్రాంతంలో రావాలి. నెలవంకను బట్టి ఒకరోజు అటూ ఇటూ. అంటే మన సంక్రాంతి! హైదరాబాదులో ధూల్‌పేట గాలిపటాలు ఒక పక్కన, ఈద్గాకు నడిచే జనం ఒక పక్కన. మా దగ్గర భోగిమంటలు, ముగ్గులు, నమాజు అన్నీ ఒకే తెల్లవారుజామున. మా క్లాసులో ఈ మాట చెబితే అందరూ మొదట నవ్వారు, తరువాత వేళ్ళమీద లెక్కలు వేశారు. రెండు పండుగల బట్టలూ ఒకే వారంలో కుట్టి ఇవ్వాలి గదా! డిసెంబరు మొదటి వారానికే కొత్త గుడ్డలు తీసుకోవడం ఆపెయ్యాలని మా కటింగు చేసే ముస్లిం వదినె పట్టుదల. పదిహేనో తేదీ దాకా తీసుకుందామని నేనంటాను. ఇంకా తేలలేదు.